ఒళ్ళో పెట్టిన తమ్ముడు

చంటివాడు రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేశాడు. ఏడవలేదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. ఆకలి ఉంది, పాలు ఉన్నాయి, తాగాలన్న ఆత్రం వాడి కళ్ళలో కనిపిస్తూనే ఉంది. పాలు తాగుతూ ఊపిరి తీసుకోవడం మాత్రం వాడికి కుదరడం లేదు. ప్రమాదమని నాకు మొదట తెలిసింది వాడు ఆ రెండోసారి వదిలేసినప్పుడు. వాడి ఛాతీకి చెవి ఆనించి విన్నాను. లోపల ఎక్కడో, మూసిన తలుపు సందులోంచి గాలి దూరుతున్నట్టు సన్నటి ఈల.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. పంచలో నలుగురైదుగురు ఆడవాళ్ళు మా అత్తతో కలిసి విత్తనం కాయలు వలుస్తున్నారు. మా వైపు విత్తనానికి ఉంచిన వేరుశనగను మిషనులో వేయరు. మిషను పప్పును చిట్లగొడుతుంది, చిట్లిన పప్పు మొలవదు. అందుకని ముందు రోజు సాయంత్రం కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పి ఉంచుతారు. తెల్లారేసరికి తొక్క మెత్తబడుతుంది. ఇక బొటనవేలితో నొక్కి, గింజ నలగకుండా తీయడమే. వాన ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. పడిన రోజున విత్తనం సిద్ధంగా లేకపోతే మాత్రం నేలలో తడి ఆరి ఆ పదును పోతుంది. అందుకే ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ పంచలో చూసినా చాటలు, తొక్కల కుప్పలు, మాటలు.

చంటివాణ్ణి ఎత్తుకుని పంచలోకి వచ్చాను.

"అత్తా, వీని ఊపిరి ఒకసారి చూడు. ఈల మాదిరి వస్తాండాది."

అత్త చాట పక్కన పెట్టి వాడి నుదురు తాకింది. "కాక లేదు గదమ్మే. సలి చేసినట్టుండాది. వస అరగదీసి రాస్తా ఉండు."

ఎదురింటామె తల ఎత్తకుండానే అంది: "డిగ్రీ చదివిన తల్లికి బిడ్డ తుమ్మితే చాలు, ఆసుపత్రి కనపడతాది."

"పోయిన తూరి చీమ కుట్టినాదని ఆటో పిలిపిచ్చింది గదా," అంది ఆమె పక్కన కూర్చున్నావిడ. "ఆటో వచ్చేలోపల దద్దురే మాసిపాయ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నేను భయస్తురాలినని ఊరంతటికీ తెలుసు. రాత్రిపూట లేచి పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తానని మా ఆయనే అందరికీ చెప్పుకుని నవ్విస్తాడు. ఎప్పుడూ భయపడేవాళ్ళకు ఒక చిక్కు ఉంది. నిజంగా భయపడాల్సిన రోజున వాళ్ళ మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఒక్కోసారి వాళ్ళ చెవికే ఎక్కదు. సలే అయ్యుంటుందిలే అని ఆ క్షణంలో నేనూ అనుకున్నాను.

నాకు నలుగురు పిల్లలు. పెద్దది అమ్మాయి, ఆరో తరగతికి వచ్చింది. రెండోవాడు మూడో తరగతి. మూడోది అమ్మాయి, ఇంకా ఆరేళ్ళు నిండలేదు, ముందుపన్ను ఒకటి ఊగుతూ ఉంటుంది. చివర ఈ చంటివాడు, గోడ పట్టుకుని నడుస్తాడు. ఈ కాలంలో నలుగురేమిటే అని కాలేజీలో నాతో చదివినవాళ్ళు ఫోన్లో ఆశ్చర్యపోతారు. నేను పుట్టిన ఇంట్లో మేము ఆరుగురం. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. అమ్మ పొద్దున మగ్గం గుంతలో దిగితే మాపటికి గానీ పైకి వచ్చేది కాదు. ఆరుగురినీ అమ్మ పెంచిందని అందరూ అంటారు. కానీ నాకు తల దువ్వింది, ముక్కు తుడిచింది, బడికి పంపింది మా అక్క. నా తర్వాతివాణ్ణి నేను చూసుకున్నాను. అలా ఒకరి వేలు ఒకరం పట్టుకుని పెద్దవాళ్ళమయ్యాం.

అమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. బిడ్డను తొలిసారి ఉయ్యాలలో వేసే రోజున, వేసే ముందు, ఆ బిడ్డకు సరిగ్గా పైన పుట్టిన పిల్లను పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు. కొత్త బట్టలు తొడిగి, బిడ్డను ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, "వీడు నీవాడు, నువ్వే చూసుకోవల్ల" అనేవాళ్ళు. అమ్మ ఒడి పోయిందని ఆ పిల్ల కుళ్ళుకోకుండా ఎవరో కనిపెట్టిన ఉపాయమై ఉంటుంది. నన్ను మా అక్క ఒళ్ళో పెట్టారు. అక్క ఆ మాట నిజంగానే పట్టించుకుంది. నాకు పళ్ళు రాకముందు వేరుశనగ పప్పూ బెల్లమూ తన నోట్లో వేసుకుని, మెత్తగా ముద్దయ్యేదాకా నమిలి, ఆ ముద్ద నా నోట్లో పెట్టేదట. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక ఒళ్ళో పెట్టే ఆ ఆచారం నేను నా పిల్లలకూ చేశాను. అత్త వింతగా చూసింది గానీ వద్దనలేదు. నమిలి పెట్టడం మాత్రం నేను నేర్పలేదు. కథలు చెప్పేటప్పుడు చెప్పి ఉంటాను. పెద్దది తన కిందివాళ్ళకు అలాగే నమిలి పెట్టేది.

చంటివాణ్ణి మూడోదాని ఒళ్ళో పెట్టాం. నీవాడు అన్నాం. కానీ ఎత్తుకోనివ్వలేదు, పడేస్తుందని. స్నానం చేయించేది నేను, చంకనేసుకుని తిప్పేది పెద్దది. మూడోది వాడి వెనకాలే తిరుగుతూ, "నావాణ్ణి నాకియ్యరు," అని గొణిగేది. మేము నవ్వేవాళ్ళం.

ఆ పొద్దున ట్యాంకరు వచ్చింది. మా వీధిలో బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ట్యాంకరు వస్తే ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని బిందెలు. పెద్దదాన్ని వెంటబెట్టుకుని పరుగెత్తాను. చంటివాణ్ణి రెండోవాడికి అప్పగించాను. అత్త పంచలో కాయలు వలిచేవాళ్ళ దగ్గర ఉంది. నీళ్ళు మోసుకుని తిరిగి వచ్చేసరికి చంటివాడు చాప మీద నిద్రపోతున్నాడు.

"శానా దగ్గినాడు మా," అన్నాడు రెండోవాడు. "మొగం ఎర్రగా అయిపాయ. వీపు మీద కొట్టినా. తగ్గిపాయ."

"నోట్లో ఏమన్నా పెట్టుకున్నాడేమిరా?"

"లేదు మా. నేను చూళ్ళేదు."

తగ్గింది కదా అనుకున్నాను. వాడు నిద్ర లేచి పాలకు వచ్చేదాకా మళ్ళీ ఆ దగ్గు మాట నాకు గుర్తుకే రాలేదు.

అత్త వసకొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాసింది. ఘాటు తగలగానే వాడు దగ్గాడు. ఆ దగ్గు పూర్తి కాలేదు, మధ్యలో ఇరుక్కుపోయింది. పెదవుల చుట్టూ ఒక రంగు వచ్చింది. నేరేడు పండు తిన్న పిల్లల మూతికి అంటుకునే రంగు. పంచలో నవ్వు ఆగిపోయింది. ఎదురింటామె ఒళ్ళో ఉన్న కాయలన్నీ కింద పోసి లేచింది. "ఆటో నేను పిల్చుకొనొస్తా, నువ్వు బిడ్డకు గాలి తగల్నీ," అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరుగెత్తింది.

కబురందుకుని మా ఆయన చేను నుంచి వచ్చాడు. వాడి ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, ఎప్పటిలా ఎగతాళి చేయలేదు. "పోదాం పా," అన్నాడు. ఆటో కదిలేటప్పుడు వెనక్కి చూశాను. పెద్దది అత్త పక్కన నిలబడి ఉంది. రెండోవాడు ఏడుస్తున్నాడు. మూడోది విత్తనం మూటల దగ్గర గుంజ పట్టుకుని నిలబడింది. అది ఏడవడం లేదు. నోరు గట్టిగా మూసుకుని ఉంది. భయపడిందనుకున్నాను.

అనంతపురంలో పిల్లల డాక్టరు వాడి వీపు మీద గొట్టం పెట్టి, ఒక పక్క విని, రెండో పక్క విని, మళ్ళీ మొదటి పక్కకు వచ్చింది. పొద్దుటి దగ్గు సంగతి చెబితే ఎక్సరే తీయించింది. అందులో ఏమీ కనపడలేదని చెబితే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"సంతోషపడాకండమ్మా," అంది ఆవిడ. "గింజలు, పప్పులు ఎక్సరేలో కనపడవు. కుడి పక్క గాలి సరిగ్గా పోవడం లేదు. సలీ, కఫం అయితే ఈడనే మందులు పెట్టి చూస్తాము. గింజ ఏదన్నా ఊపిరిగొట్టంలోకి పోయింటే మందులకు లొంగేది కాదు. మత్తిచ్చి, లోపలికి గొట్టం పంపి తీయల్ల. దానికి బెంగళూరు పోవల్ల. ఈ ఊపిరితో అంత దూరం ఊరికే పంపలేను. దావలో ఏమన్నా కావచ్చు. పంపకుండా పెట్టుకొనుంటే ఈడనే ఏమన్నా కావచ్చు. పొద్దున వీడు ఏమి తిన్నాడో తెలియల్ల. ఇంట్లో ఎవరుండారు?"

"పిల్లలు," అన్నాను.

"అయితే పిల్లల్నే అడగండి."

వాడికి ఆక్సిజన్ పెట్టారు. నేను వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మా అత్త దగ్గర పాత బటన్ల ఫోను ఉంది. పెద్దది ఎత్తింది.

"అమ్మీ, తమ్ముడు పొద్దున ఏమన్నా తిన్నాడా? శెనక్కాయ గానీ, ఏమన్నా గింజ గానీ?"

"నేను నీతోనే నీళ్ళకొస్తి గదా మా."

"పెద్ద తమ్ముణ్ణి అడుగు. సన్నపాపను అడుగు. బాగా గుర్తు చేసుకోమను. డాక్టరు అడుగుతాంది."

ఫోను మీద చెయ్యి మూసిన గరగర. గుసగుసలు. ఒకసారి ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నూరు మైళ్ళ అవతల కాదు, గంటన్నర దారిలో ఉన్న నా ఇంట్లో, నా పిల్లలు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను లోపలికి వెళ్ళలేను.

"బిస్కెట్టు మా," అంది పెద్దది. "నీళ్ళకు పోకముందు నేనే పెట్టినా. నేనే."

"యా బిస్కెట్టు?"

"పాల బిస్కెట్టు."

వెనక నుంచి రెండోవాడి గొంతు: "అవును మా, నేను చూసినా. నీళ్ళల్లో అద్ది పెట్టింది. మెత్తగా ఉన్నింది."

"నిజంగా?"

"నిజంగా మా," అంది పెద్దది. కొంచెం ఆగి, "మా, తమ్మునికి ఏమయితాంది?" అని అడిగింది.

ఏమీ కాదన్నాను. డాక్టరుకు వెళ్ళి చెప్పాను. ఆవిడ ఆలోచించింది. బిస్కెట్టయితే తడికి కరిగిపోతుంది, అది కాకపోవచ్చు, మందులు మొదలుపెట్టి రాత్రిదాకా చూద్దాం అంది. మా ఆయన గట్టిగా ఊపిరి వదిలి, టీ తెస్తానని బయటికి వెళ్ళాడు. నేను ఆ బిస్కెట్టును నమ్మాను. నమ్మాలనిపించింది. కింది వాళ్ళకు ఏదైనా అయితే నువ్వే చూసుకోవాలి అని పెద్దదానికి నేను ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఆ సాయంత్రం అది అదే చేస్తోంది. తన వెనక ఇద్దరిని నిలబెట్టుకుని, వాళ్ళ మీద పడబోయేదానికి తను అడ్డం నిలబడింది. ఇటువైపు నుంచి వింటున్న నాకు అది తెలియలేదు.

చంటివాడి పక్కటెముకల మధ్య చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి గుంట పడుతోంది. నేను ఆ గుంటలనే చూస్తూ కూర్చున్నాను. ఏదైనా చేయమంటే చేసేదాన్ని. ఎత్తుకోవద్దన్నారు, పాలు పట్టవద్దన్నారు, కదపవద్దన్నారు.

కిటికీ అవతల ఎండ తగ్గుతుండగా ఫోను మోగింది. ఇంటి నంబరే. ఎత్తితే కోడి అరుపు వినిపించింది. తర్వాత చాలా మెల్లగా, "మా," అంది మూడోది. పచ్చ బటను రెండుసార్లు నొక్కితే ఆఖరున మాట్లాడినవాళ్ళకు పోతుందని దానికి తెలుసు.

"ఏం బంగారూ?"

"అవ్వ గొడ్లకాడికి పోయినాది. అక్క పొయ్యి ఎగేస్తాండాది."

"అన్నం తిన్యావా?"

అది అన్నం మాట పట్టించుకోకుండా అడిగింది. "మా, విత్తనం తింటే వాన రాదా?"

"ఎవరు చెప్పినారు?"

"అవ్వ. ఒగ గింజ తిన్యా ఈ యేడు వాన రాదంట."

అత్త ప్రతి ఏడూ అనే మాటే అది. పిల్లలు వలిచిన కుప్పలో చెయ్యి పెట్టకుండా బెదిరింపు. మా ఆయన చిన్నప్పుడు కూడా విన్నాడట. వాన లేని ఏడు మా ఇల్లు ఎలా ఉంటుందో నా పిల్లలకు తెలుసు. నాయన మాట్లాడడు, అవ్వ ఆకాశం వైపు చూసి తిడుతుంది, కొన్నవాళ్ళు వచ్చి ఎనుములను తోలుకుని పోతారు. కాబట్టి ఆ మాటను వాళ్ళు నమ్ముతారు. బడిలో చెప్పేవాటికన్నా ఎక్కువ నమ్ముతారు.

నా గొంతు నాకే వేరేగా వినిపించింది. "ఎవరు తిన్యారు బంగారూ? నేను ఏమీ అనను."

"నేను తిన్లేదు మా. నేను నమిలిందంతా వానికే పెట్టినా. నేను మింగనే లేదు."

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"అన్న బయట ట్యాంకరు చూసేదానికి పోయినాడు. తమ్ముడు ఏడుస్తాంటే నేను ఒళ్ళో పెట్టుకున్యా. అక్క పెట్టినట్టే పెట్టినా మా. బాగా నమిల్నా. ఈ పన్ను నొప్పి అయితాంటే ఆ పక్క నమిల్నా." ముక్కు ఎగబీల్చింది. "అక్కకు చెప్తే, నువ్వు గమ్మునుండు, నేను చూసుకుంటా అనె. వాన రాకపోతే నాయన చేను ఎట్ల మా?"

ఫోను పెట్టేసి డాక్టరు గదికి పరుగెత్తాను. ఆ పిల్ల చెవి దగ్గర ఫోను పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు.

ఆ తర్వాత అంతా మా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. అంబులెన్సు, కాగితాల మీద మా ఆయన సంతకాలు, వెంట వచ్చే నర్సు. డాక్టరు ఒక్కటే చెప్పింది. మత్తు ఇవ్వాలి కాబట్టి పాలు పట్టకూడదు, చుక్క కూడా.

బెంగళూరు దారి పొడవునా వాడు నా పాల వాసనకు నా వైపు తిరుగుతూనే ఉన్నాడు. ముఖం మీది మాస్కును చేత్తో తోసేసి, నా జాకెట్టును నోటితో వెతికాడు. పాలు వాటంతట అవే కారిపోయి చీర తడిసింది. నేను వాడి చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టేదాన్ని. వాడు మళ్ళీ మాస్కు తోసేవాడు. పెనుకొండ దాటేదాకా ఏడ్చాడు. తర్వాత ఏడవడం మానేశాడు. ఏడుస్తున్నప్పుడే నయమనిపించింది.

మా ఆయన ముందు సీట్లో కూర్చుని తల బయటికి పెట్టి పైకి చూస్తున్నాడు. తూర్పున ఎక్కడో మెరుస్తోంది. మబ్బు కనపడితే చూడకుండా ఉండలేడు, అది ఆయన అలవాటు. ఈ గడియలో కూడానా అని నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి ఎదురుగా వచ్చిన లారీ వెలుతురు ఆయన ముఖం మీద పడింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆసుపత్రిలో వాడిని నా చేతుల్లోంచి తీసుకున్నది ఎవరో కూడా నేను చూడలేదు. తలుపు మూసుకుంది. నేను బీఎస్సీ చదివాను. ఊపిరితిత్తుల బొమ్మ గీసి, కుడి కొమ్మ ఎడమ కొమ్మ కన్నా నిటారుగా ఉంటుందని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తలుపు ముందు నిలబడితే గుర్తొచ్చింది ఆ బొమ్మే. నీలం ఇంకుతో గీసిన రెండు కొమ్మలు. ఆ బొమ్మ నాకు ఏ పనికీ రాలేదు.

బయటికి వచ్చిన డాక్టరు చేతిలో చిన్న సీసా ఉంది. అందులో వేరుశనగ బద్ద, సగం. ఒక అంచు నలిగి ఉంది. ఎర్ర పొట్టు ఇంకా ఊడలేదు. ఆ నలిగిన అంచు మీద నా కూతురి పంటి గుర్తు ఉంటుందని నాకు అనిపించింది. ఇంకో ముక్క లోతుకు జారిందని, చుట్టూ వాపు ఉందని, ఇప్పుడు తీస్తే రక్తం వస్తుందని చెప్పాడు. వాపు తగ్గేదాకా మిషను మీద ఊపిరి ఇస్తారట. తగ్గాక మళ్ళీ ప్రయత్నిస్తారట. "తగ్గుతుందా?" అని అడిగాను. "చూద్దాం," అన్నాడు. డాక్టర్లు కూడా మా మాదిరే ఆ మాట అంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రెండో ముక్క కూడా తర్వాత తీశారు. ఇది రాస్తున్న ఈ రాత్రి నలుగురూ వరసగా పడుకుని ఉన్నారు. చంటివాడి వేళ్ళు మూడోదాని జుట్టులో చిక్కుకుని ఉన్నాయి. నేను రాయడం ఆపి, వెళ్ళి వాడి వీపుకు చెవి ఆనించి విని, వచ్చి మళ్ళీ రాస్తున్నాను. ఈ అలవాటు ఇక పోయేట్టు లేదు. కానీ ఆ మరుసటి పొద్దున నాకు ఇవేవీ తెలియవు. గాజు తలుపు అవతల వాడి ఛాతీ మిషను చెప్పినట్టు లేస్తూ పడుతూ ఉంది. అంతే తెలుసు.

పొద్దున్నే ఇంటికి ఫోన్ చేస్తే అత్త ఎత్తింది.

"మే, పాప మెతుకు ముట్టలేదు. విత్తనం మూటలకాడ కూచోనుండాది. పడుకోమంటే, వాన వచ్చిందా అవ్వా అంటాది. నేను ఊరికే బెదిరిచ్చేదానికన్న్యా మే. కుప్ప తరుగుతాదని అన్న్యా. నా నోరు పడిపోనూ..."

ఆమెను ఏమైనా అనడానికి గానీ, ఓదార్చడానికి గానీ నాలో ఏమీ మిగల్లేదు. ముగ్గురినీ దగ్గరికి పిలిచి ఫోను స్పీకరులో పెట్టమన్నాను. అడుగుల చప్పుడు వినిపించింది. ముగ్గురూ వచ్చారు.

ఏమి చెప్పాలో నేను ముందే అనుకోలేదు. బాగైపోయింది అని చెబితే వాళ్ళు నమ్ముతారు. నేను బిస్కెట్టును నమ్మినట్టే నమ్ముతారు.

"తమ్ముడు ఇంగా కండ్లు తెరవలేదు," అన్నాను. "గొంతులో గొట్టం పెట్టినారు. మిషను ఊపిరి ఇస్తాండాది. ఒక బద్ద తీసినారు. ఇంకొక ముక్క లోపల ఉండాది. అది ఎప్పుడు తీస్తారో నాకు తెల్దు. వాడు ఎట్లుంటాడో నాకు తెల్దు. తెలిసినప్పుడు మీకే మొదట చెప్తా."

రెండోవాడు ఏడుపు మొదలుపెట్టాడు. "మా, బిస్కెట్టు నేను చూళ్ళేదు మా."

"నాకు తెలుసు. వీపు మీద కొట్టినావు గదా, మంచి పని చేసినావు. ఏడవాకు."

పెద్దదాన్ని పిలిచాను. "మా," అంది, కొట్టబోతే తల వంచినప్పటి గొంతుతో.

"నువ్వు చెల్లెల్ని కాపాడల్లని చూసినావు. నేను తిట్టను. ఇంగ ముందు ఎవరినన్నా కాపాడల్లంటే నాకు నిజం చెప్పి కాపాడు. నువ్వొక్కదానివే మోయాకు. నేనుండా."

అది ఏడ్చింది. ఇంట్లో అందరికన్నా పెద్దది కదా, దాని ఏడుపు నేను విని చాలా కాలమైంది. అది ఆగేదాకా ఆగి, మూడోదాన్ని పిలిచాను. పలకలేదు. ఈడనే ఉండాది అన్నాడు రెండోవాడు.

"వాడు నీవాడే," అన్నాను. "ఇప్పుడూ నీవాడే. ఇంటికి..." వచ్చినాక అనబోయాను. "ఇంటికి వస్తే మళ్ళీ నీ ఒళ్ళోనే పెడతా. నేను పక్కన కూచుంటా."

అప్పుడు అది అడిగింది. "వాన?"

నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల ఆ ఒక్క మాట దగ్గరే నిలబడి ఉంది. వాన గురించి నాకు ఏమి తెలుసు? చంటివాడి గురించి తెలిసినంత కూడా తెలియదు.

"వస్తే వస్తాది, రాకపోతే లేదు," అన్నాను. "నువ్వు పెట్టిన గింజకూ దానికీ ఏమీ లేదు. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యండి. ముగ్గురూ విత్తనం మూటకాడికి పోండి. అక్క మూట విప్పల్ల. తలా ఒక పిడికెడు తీసుకొని, కూచోని తినండి. అవ్వకూ పెట్టండి, అమ్మ చెప్పినాదని చెప్పండి. బాగా నమలండి. నమిలింది మీరే మింగండి."